ఏడు కింద ఆరు ఉన్న రాగి నాణెం

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి చర్చి కానుకల పళ్లేలన్నీ మా ఇంటి వెనక బండ మీదకి చేరేవి. మాది ఇల్లందు దాటాక అడవి అంచున చిన్న ఊరు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. ఆదివారం ఆరాధనకి ఇత్తడి తళతళలాడాలి, ఆ పని మా ఇంటి ఆడపిల్లలది. అంటే నాదే... ఇంత చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు ఇస్తే చాలు, మొహం కనిపించేలా తోమేదాన్ని. ఈ విషయంలో నాకు వినయం లేదు. ఇప్పటికీ లేదు.

ఆ ఏడాది నాకో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఏడో తరగతి అయిపోయింది. ఎనిమిదికి ఇల్లందు వెళ్లాలి, ఆరు కిలోమీటర్లు. పొద్దున బస్సు ఉండేది, సాయంత్రం బస్సు వస్తే వచ్చినట్టు. బొగ్గుబాయిలో పనిచేసే నాన్న తేల్చి చెప్పేశారు.

"సైకిలుంటే ఇంట్లుండి సదువుకో. లేదంటే ఖమ్మం హాస్టల్‌కి పో. ఇప్పుడైతే సైకిల్‌కి నా దగ్గర పైసల్లేవ్."

హాస్టల్ పేరెత్తితే చాలు, చెవులు మూసుకునేదాన్ని. నాయనమ్మ పక్కన తప్ప నిద్ర పట్టని పిల్లను మరి...

మా చర్చికి వచ్చే రిటైర్డ్ పోస్టుమాస్టరు గారికి పాత నాణేల పిచ్చి. ఆరాధన అయ్యాక భూతద్దం పట్టుకుని మెట్ల మీద కూర్చునేవారు. ఓ ఆదివారం నాయనమ్మ తన దగ్గరున్న రాగి పావు అణా ఒకటి తీసి చూపించింది. నల్లగా కమిలిపోయి ఉంది. ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి... ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"ఇట్రా బిడ్డా, చూడు" అని భూతద్దం నా చేతికిచ్చారు.

సంవత్సరం చివర ఏడు అంకె. దాని వెనక సన్నగా, ఆరు అంకె పొట్ట! పాత ఏడాది అచ్చు పారేయకుండా టంకశాల వాళ్లు ఆరు మీదే ఏడు కొట్టారట. అలాంటివి చాలా అరుదట. హైదరాబాద్ వేలంలో పెడితే కొత్త సైకిల్ కొన్నా ఇంకా మిగులుతుందన్నారు.

"అయితే తీస్కపోండి సారూ. మా పొల్ల ఇంట్లనే ఉంటది" అంది నాయనమ్మ, క్షణం ఆలోచించకుండా.

"వచ్చే ఆదివారం తీస్కుంట. ఆ తెల్లారే పట్నం పోతున్న. అప్పటిదాంక జర పైలం."

నాయనమ్మ దాన్ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఆ వారంలో నేను సైకిల్ రంగు కూడా ఖాయం చేసేసుకున్నాను.

శనివారం పళ్లేలన్నీ తోమేశాక నాణెం గుర్తొచ్చింది. పట్నంలో అంతమంది ముందు పెట్టే వస్తువు, అంత నల్లగా పంపిస్తే ఎవరు వేలం పాట పాడతారు? నలుగురి ముందుకి వెళ్లేది రాగైనా ఇత్తడైనా మెరవాలి... నాకు తెలిసిన ధర్మం అదొక్కటే. ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే బియ్యం డబ్బాలోంచి తీశాను. ఇటుక పొడి ఇంకాస్త ఎక్కువే వేసి, చేతులు నొప్పి పుట్టేదాకా తోమాను. అప్పుడే అచ్చు వేసినట్టు మెరిసింది! మళ్లీ గుడ్డలో చుట్టేసి, రేపు అందరూ నోరెళ్లబెడతారని తెగ మురిసిపోయాను.

నోరెళ్లబెట్టారు కూడా. ఆదివారం చర్చి మెట్ల మీద గుడ్డ విప్పగానే పోస్టుమాస్టరు గారి మొహం పాలిపోయింది. భూతద్దం పెట్టి చాలాసేపు వెతికారు. ఆరు లేదు. మిగిలింది ఉత్త ఏడు, అదీ సగం అరిగిపోయి.

"అయ్యో... ఎవరు తోమిండ్రు దీన్ని? గా నలుపు, గా ఆరు ఉంటెనే దీనికి విలువ. ఇప్పుడిది ఉత్త రాగి బిళ్ల."

"ఎవరు చేసిండ్రు గిట్ల?" అన్నారు నాన్న. నేను చేతులు లంగాకి తుడుచుకున్నాను.

నాయనమ్మ నా చేతుల వైపు చూసింది. గోళ్లలో ఇంకా ఇటుక ఎరుపు పోలేదు. నన్ను తన వెనక్కి లాక్కుంది.

"అవ్, నేనే తోమిన. మసకబారిందని తోమిన. నాకేం ఎరుక?"

"నీకు బుద్ధుందా అమ్మా? పొల్ల సదువుకి అక్కరకొచ్చేదాన్ని గట్ల పాడుచేస్తరా?"

అందరి ముందూ ఆమె తలొంచుకుని నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను... నోరు తెరవలేదు.

జూన్‌లో హాస్టల్‌కి వెళ్లాను. బస్టాండులో చెప్పేద్దామని "నాయనమ్మా, ఆ నాణెం..." అన్నాను. "జల్దీ ఎక్కు బిడ్డా, మల్ల సీటు దొరకది" అంది. అంతే, మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తనివ్వలేదు. నాన్న చాన్నాళ్లు ఆమెతో ముభావంగా ఉన్నారు. కోపం తగ్గాక, వచ్చినవాళ్లందరికీ "మా అమ్మ సైకిల్‌ని తోమి పారేసింది" అని చెప్పేవారు. వాళ్లతో పాటు ఆమె కూడా నవ్వేది. నేను మాత్రం నీళ్ల చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు నాణేల వేలం ఫోన్‌లోనే జరుగుతోంది. ఫొటో పెద్దది చేసుకుంటే చాలు, అంకె కింద అంకె తెలిసిపోతుంది. పాత నాణెం తోమకూడదని స్కూలు పిల్లలకి కూడా తెలుసు. నేనూ కొంటుంటాను, ఏది ఎంత పలుకుతుందో ధీమాగా చెప్పగలను. మొన్న అచ్చం అలాంటి పావు అణాయే వేలానికొచ్చింది... నల్లగా, ఎవరూ తోమకుండా. డబ్బుండి కూడా పాట పాడలేకపోయాను.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. మీ తప్పు తమ నెత్తిన వేసుకున్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు, కింద రాయండి, అన్నీ చదువుతాను. నా పోస్టులన్నీ ముందుగా చదివేది మా నాన్న. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాన్నా... ఆ నాణెం తోమింది నేను.