గొయ్యిలో దిగేముందు

లిఫ్టులు బాగుచేసేవాళ్ళలో అతని చెవికి సాటి లేదు. తలుపు మూసుకునే చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. అంతటి మొనగాడూ స్క్రూడ్రైవర్ చొక్కా జేబులో పెట్టుకుని గంటసేపు దానికోసమే వెతికేవాడు. కంపెనీలో అందరూ 'మతిమరుపు మారాజు' అనేవారు, కుదించి మారాజు. నవ్వేవాళ్ళు నవ్వారు. నలభయ్యో ఏట ఒక డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఇది బద్ధకమూ కాదు, పొగరూ కాదు. ఏడీహెచ్‌డీ అంటారు. ధ్యాస నిలవదు. అందులో మీ తప్పేం లేదు" అని మాత్రలు రాసింది.

కొన్న మాత్రల అట్ట పదకొండు రోజులుగా ఫ్రిజ్ మీద అలాగే పడి ఉంది. వేసుకుంటే చెవి మొద్దుబారిపోతుందేమోనని అతని బెంగ. చెవి పోతే మిగిలేది మతిమరుపే కదా! భార్య అడిగితే "రేపు" అనేవాడు. కంపెనీ మానేసి సొంతంగా పని పెట్టుకోవాలని రాసుకున్న రాజీనామా కాగితానికీ సంచిలో అదే గతి.

కంపెనీలో అతనికి జత ఒక ముసలి మెకానిక్కు. బాబాయ్ అని పిలిచేవాడు. ఆ పనిలో ఒక పద్ధతుంది. మేడ మీది గదిలో కరెంటు స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే లిఫ్టు అడుగున ఉన్న గొయ్యిలోకి దిగాలి. మారాజు గొయ్యి అంచుకు రాగానే బాబాయ్ "తాళం ఏదిరా?" అనేవాడు. పదిహేనేళ్ళుగా రోజూ అదే మాట. చెవిలో జోరీగలా ఏంటీ గొడవని మారాజు విసుక్కునేవాడు కూడా.

సొంత పని ఎలా ఉంటుందో చూద్దామని ఒక సెలవురోజు ఒంటరిగా ఆరంతస్తుల భవనంలో పని ఒప్పుకున్నాడు. మేడెక్కి స్విచ్చి ముందు నిలబడగానే ఫోను మోగింది. ఇంకో భవనం, ఇంకో పని! సంబరంగా మాట్లాడుతూనే మెట్లు దిగాడు. గొయ్యిలోకి దూకి, ఎవరూ పడకుండా తలుపు మూసుకున్నాడు. దిగగానే నొక్కాల్సిన, లిఫ్టును కదలనివ్వని గోడమీది ఎర్ర బొత్తాం కూడా నొక్కలేదు. జేబెందుకో బరువుగా తోచి చెయ్యి పెట్టాడు. తాళంచెవితో పాటు తాళం కూడా చేతికొచ్చింది.

స్విచ్చి కూడా ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది. అంతలో పైన మోటారు కదిలింది. ఆ చప్పుడు అతనికి తెలియనిదా! లిఫ్టు దిగుతోంది. అరిచినా ఆ చప్పుడులో వినపడదు. అయినా అతనక్కడున్నట్టు ఎవరికి తెలుసు? జిడ్డులో కూలబడి గోడంతా తడిమాడు. బొత్తాం తగిలింది, గుద్దాడు. లిఫ్టు అతను నిలబడితే తల తగిలేంత ఎత్తులో ఆగింది. తలుపు సందులోంచి పాక్కుంటూ బయటపడ్డాడు.

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పేశాడు.

"భయమేస్తోందే. మాత్ర వేసుకుంటే నేను నేనుగా ఉండనేమోనని ఇన్నాళ్ళూ భయం. వేసుకోకపోతే అసలే ఉండనేమో!"

ఆమె లేచి మాత్రా నీళ్ళూ తెచ్చిచ్చింది. "సొంత పని పెట్టుకోండి, వద్దనను. కానీ దిగేముందు నాకు ఫోను చెయ్యాలి. నేనడిగాకే దిగాలి."

వారం వేసుకున్నాడు. ఆకలి తగ్గింది, నోరెండింది, చెవి మాత్రం ఎక్కడికీ పోలేదు. అయినా డాక్టరమ్మ ఉన్నమాటే చెప్పింది. "మాత్ర మీకు సాయమే గానీ, మీ బదులు తాళం వెయ్యదు."

తర్వాతి సెలవురోజు, అదే భవనం. కింది తలుపు ముందు నిలబడి భార్యకు ఫోను చేశాడు.

"తాళం ఏదండీ?"

"వేశానే తల్లీ" అంటూనే జేబు తడుముకున్నాడు. "లేదే... జేబులోనే ఉంది."

"ఫోను పెట్టెయ్యకండి. పైకెళ్ళండి."

ఆరంతస్తులూ ఎక్కాడు. ఒక్కో మెట్టుకీ అతని ఆయాసం ఆమె వింటూనే ఉంది. స్విచ్చి ఆపి, ఫోను దగ్గరగా పెట్టి తాళం బిగించాడు. టక్కుమంది.

"వినిపించిందా?"

"వినిపించింది. ఒకసారి లాగి చూడండి."

లాగాడు.

"ఇప్పుడు దిగండి."