నా కుడి చెవిలో లేని మోత

రెండేళ్లుగా ఈ మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, ఉమ్మలేను. సంతకం పెట్టడం వరకే వచ్చు నాకు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మాది సత్యవేడు. మా వీధిలో మోకాళ్ల నొప్పులున్న ఐదుగురు ఆడవాళ్లకు ఆసుపత్రిలో కొత్త మాత్ర ఇచ్చారు. అది ఒంటికి పడిందో లేదో కనుక్కోవడానికి నెలకోసారి ఒక నర్సమ్మాయి వచ్చేది. అందరినీ మా అరుగు మీదే కూర్చోబెట్టి, అడిగి రాసుకునేది. నాకు మాత్ర బాగానే పనిచేసింది. కానీ బాగున్నానని పైకి అంటే దిష్టి తగలదూ? మా ఆయన "రాయి మాదిరి ఉండా" అని ఊరంతా చెప్పుకున్న వారానికే పోయాడు.

"ఏమన్నా ఇబ్బంది ఉండాదా అవ్వా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"కుడి చెవిలో తిరుమల బస్సు ఘాట్ రోడ్డెక్కినట్టు ఒకటే మోత మే," అన్నాను.

చెవే ఎందుకన్నాను? కాలంటే చూపించమంటుంది. చెవి లోపలి మోత ఎవరు చూడొచ్చారు?

పక్కింటి మునెమ్మ ఊరుకుంటుందా! "ఒక చెవేనా అక్కా? నాకు రెండిట్లోనూ మోగతా ఉండాది!"

"నాకు హారన్ కూడా ఇనపడతాది," అంది వెనకింటి సుగుణ. వాళ్లత్త, "నాకూ అదే రాసుకో," అంది.

ఎదురింటి రాజమ్మ ఒక్కతే నిజం చెప్పింది. "నాకేం లేదు తల్లీ. ఆరేండ్ల తరవాత అలిపిరి కాడ్నుంచి నడిచి కొండెక్కినా."

ఐదుగురిలో నలుగురికి ఒకే బాధ అంటే మాత్రలోనే ఏదో ఉందని ఆ అమ్మాయి పెద్ద డాక్టర్లకు చెప్పింది. పాపం, ఆమె పని ఆమె సరిగ్గానే చేసింది. మా అందరికీ ఆ మాత్ర ఆపేశారు.

దాని బదులు ఇచ్చిన మాత్ర నాకు సరిపోయింది. రాజమ్మకు సరిపోలేదు. ఇప్పుడు గోడ పట్టుకోకుండా గడప దాటలేదు. అయినా నా చెవి మోత ఇంకా పోలేదనుకుని, రోజూ కుంటుకుంటూ వెల్లుల్లి కాచిన నూనె తెస్తుంది. "చెవి ఇట్ల పెట్టు వొదినా, మోత తగ్గిందా?" అంటుంది. పెడతాను. నూనె వెచ్చగా దిగుతుంది.

నిజంగా దిష్టికే భయపడ్డానా? లేక, ఆయన పోయాక నా ఒంటి సంగతి ఒకరు అడిగి, పెన్ను పట్టుకుని ఎదురుచూస్తుంటే, ఏమీ లేదని ఆ అమ్మాయిని పక్క మనిషి వైపు పంపడానికి మనసొప్పలేదా?

నేను నోరు తెరిస్తే రాజమ్మకు ఆ మాత్ర మళ్లీ ఇస్తారేమో. తెలుసు. తెలిసీ నూనె పోయించుకుంటున్నాను. ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇది చదివే మీ ముఖం నాకు కనపడదు కాబట్టి చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది.