మూడో జత స్పీకర్లు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు భయం వేసేది కాదు, విసుగు పుట్టేది. ఇరవై ఆరేళ్లు యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో శబ్దాన్ని కొలిచే పని చేశాను. చెవి మోసపోతుంది, మీటర్ మోసపోదు అని ఏటా కొత్తగా చేరే పిల్లలకు చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. రిటైరయ్యాక కూడా అదే మాట మీద ఉన్నాను. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నా భార్య సుగుణ పోయి రెండేళ్లు దాటింది. ఊపిరితిత్తుల జబ్బు. ఇప్పుడు ఆమె గొంతు వినాలంటే ఆమె చదివిన పాఠాలు తప్ప నాకు వేరే దారి లేదు. మా క్యాంపస్‌లో చూపు లేని విద్యార్థులు చాలామంది ఉంటారు. వాళ్ల పుస్తకాలు ఎవరో ఒకరు పైకి చదివి రికార్డు చేసిపెట్టాలి. సుగుణ తొమ్మిదేళ్లు ఆ పని చేసింది. మధ్యాహ్నం తార్నాకలోని మా ఇంటి నుంచి అన్నం డబ్బాతో ల్యాబుకు వచ్చేది. ఇద్దరం తిన్నాక గంటసేపు చదివేది. నేను రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా శుభ్రం చేసేవాణ్ని.

శుభ్రం చేయడమంటే తడబడ్డ మాటలు, పేజీ తిప్పిన చప్పుడు, దగ్గు, అన్నీ కోసేసి అతుకు తెలియకుండా కలపడం. అందులో నాకు పేరు. సార్ రికార్డింగులో ఈగ వాలిన చప్పుడు కూడా ఉండదని పిల్లలు అనేవారు. ఆ మాటకు పొంగిపోయేవాణ్ని, ఎంత వెధవనో. ఇంట్లో సుగుణ పిలిస్తే పలికేవాణ్ని కాదు. "మీకు హెడ్‌ఫోన్లు పెడితేనే నా మాట ఇనబడ్తది" అని ఎగతాళి చేసేది.

ఆఖరి ఏడాది ఆమెకు దగ్గు ఎక్కువైంది. ఆ సంగతి నాకు కోతల లెక్కలో తెలిసింది. పాఠానికి ఒకటో రెండో ఉండేవి, ఐదారయ్యాయి. పాత గది, దుమ్ము, ఏసీ గాలి అని సర్దిచెప్పుకున్నాను. పని ఎక్కువైందని కొంచెం విసుక్కున్నాను కూడా. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఒక్కటే అడిగింది, "ఇన్ని నెలల నుంచి దగ్గుతుంటే ఇంట్లో ఎవరూ వినలేదా?" అందరికంటే దగ్గరగా విన్నవాణ్ని నేనే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మరీ విన్నాను.

ఆమె పోయాక ఫోన్లో ఆ పాఠాలు పెట్టుకుంటే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా మంచి స్పీకర్లు కొందామనుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని చదువుతున్నట్టు ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

విద్యానగర్‌లో జోసెఫ్ అని ఒకాయన తన ఇంటి పైగదిలో ఖరీదైన స్పీకర్లు అమ్ముతాడు. నేల మీద మందపాటి కార్పెట్, గోడలకు బరువైన కర్టెన్లు. ఆయన పద్ధతి వేరు. మనకు కంఠతా వచ్చిన రికార్డింగు మనమే తెచ్చుకోవాలి. స్పీకర్ల ముందు పలుచని నల్లబట్ట కడతాడు, కంపెనీ పేరు చూసి మోసపోకుండా. తను మన వెనక స్టూలు మీద కూర్చుని, ఎక్కడ ఏ దోషం వినబడిందో నిమిషాలతో సహా కాగితం మీద రాసుకుంటాడు. కొలిచి రాసుకునేవాళ్లంటే నాకు గౌరవం.

సుగుణ చదివిన చివరి పాఠం పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. భూసంస్కరణల మీద, ఇరవై నాలుగు నిమిషాలు. ఎవరి గొంతని జోసెఫ్ అడిగితే తెలిసినవాళ్లదని మాత్రం చెప్పాను. భార్య అని గానీ, పోయిందని గానీ చెప్పలేదు. మధ్యాహ్నం మూడైంది, బయట ఎండ మండిపోతోంది.

మొదటి జతలో 'స' అక్షరం వచ్చినప్పుడల్లా బుసకొట్టింది. రెండో జతలో గొంతు మరీ బరువైపోయి, కుండలో తలపెట్టి చదువుతున్నట్టుంది. మూడో జత పెట్టగానే నేను నిటారుగా కూర్చున్నాను. సుగుణ నల్లబట్టకు అవతల ఉంది. మాటకు ముందు పెదవులు విడివడే చప్పుడుతో సహా ఉంది. నాకు కళ్లు నిండిపోయాయి.

నాలుగో నిమిషంలో ఆమె దగ్గింది.

కింద ఇంట్లో ఎవరో అనుకున్నాను. కాసేపటికి మళ్లీ దగ్గింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గే పొడిదగ్గు. మాట వస్తున్న చోటు నుంచే వచ్చింది. ఆ పాఠంలో దగ్గు లేదు, ఈ చేతులతో నేనే తీసేశాను. నాకు భయం వేయలేదు, సిగ్గు వేసింది. ఆపమని చెబుదామంటే, ఆపితే మళ్లీ వినబడదేమోనని నోరు రాలేదు. దగ్గు వస్తూనే ఉంది.

పంతొమ్మిదో నిమిషంలో వాక్యం సగంలో చదవడం ఆగిపోయింది. తర్వాత మెల్లగా, పుస్తకంలోది కాని మాట వినబడింది. "జర ఆపున్రి. ఊపిరి అందుతలేదు."

వెనక నుంచి జోసెఫ్ అన్నాడు, "సార్, మేడం ఆపమంటున్నరు గదా. ఆపాల్నా?"

ఆయనే లేచి ఆపాడు. "దగ్గు గూడ మస్తున్నది సార్ ఆమెకు. ఎవరన్న మంచి డాక్టర్‌కు చూపించున్రి" అన్నాడు.

"చూపిస్తా" అన్నాను.

ఆయన రాసుకున్న కాగితం అడిగి తీసుకున్నాను. మూడో జత కింద దోషాలేమీ లేవు. ఏడు చోట్ల నిమిషాలు వేసి, పక్కన 'దగ్గు' అని ఉంది.

ఇంటికి వచ్చి ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు పెట్టి హెడ్‌ఫోన్లతో విన్నాను. దగ్గు లేదు, ఆ మాటా లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఆ ఒక్క పాఠమే, నిడివి ఇంట్లో ఉన్న కాపీతో సెకనుతో సహా సరిపోయింది. అప్పుడు నా పాత నోటుబుక్కు తీశాను. ఏ నిమిషంలో ఏ మాట తర్వాత కోశానో, ఎందుకు కోశానో రాసిపెట్టుకోవడం నాకు ల్యాబు అలవాటు. ఆ పాఠం కింద ఎనిమిది కోతలున్నాయి. ఏడింటికి ఎదురుగా 'దగ్గు' అని ఉంది. జోసెఫ్ రాసిన ఏడు నిమిషాలూ ఆ ఏడు అతుకుల మీదే పడ్డాయి. ఎనిమిదోది పంతొమ్మిదో నిమిషంలో. దాని ఎదురుగా నా చేతిరాతతో 'మాటలు' అని మాత్రమే ఉంది.

ఏం మాటలో రాయలేదు. ఆరోజు ఆమె ఏమన్నదో నాకు గుర్తు లేదు. కోయని రికార్డింగు స్థలం చాలదని ఆ వారమే చెరిపేశాను.

ఆ పాఠం విని పరీక్ష రాసినవాళ్లలో మల్లేశ్ ఒకడు, ఇప్పుడు నల్లగొండ వైపు బడిలో టీచరు. చూపు లేనివాడు, నాకంటే బాగా వింటాడు. ఫోన్ చేసి అందులో ఎక్కడైనా దగ్గు విన్నావా అని అడిగాను. నవ్వాడు. "మేడం దగ్గుడా? మేడం ఊపిరి గూడ తీస్కోకుండ చదువుతరని హాస్టల్ల అనుకునేటోళ్లం సార్" అన్నాడు.

తప్పు చేసిన మనసు చెవిలో ఏదైనా వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. మరి జోసెఫ్ చెవికి ఏమైంది? ఆయనకు సుగుణ ఎవరో కూడా తెలియదు.

ఆ మూడో జతే కొన్నాను. జోసెఫ్ వచ్చి హాల్లో అమర్చి వెళ్లాడు. మళ్లీ దగ్గు వినబడలేదు. స్పీకర్లను తిరిగి విద్యానగర్ పట్టుకెళ్లి, అదే గదిలో, అవే వైర్లతో, అదే వేళకు రెండుసార్లు పెట్టించాను. ఏమీ లేదు. "ఆ దినం ఇన్నది ఇన్నట్టే రాసిన సార్. ఇంకేం తెల్వది నాకు" అన్నాడు జోసెఫ్. నాకూ తెలియదు. కొలవడానికి నా దగ్గర ఆ కాగితం, ఆ నోటుబుక్కు తప్ప ఏమీ లేవు.

రోజూ సాయంత్రం కింద బస్సుల హారన్లు వినబడకుండా కిటికీలు మూసి ఆ పాఠం పెట్టుకుంటాను. ఒక్క దగ్గు వినబడితే చాలని కూర్చుంటాను. రాదు. అంత బాగా కోశాను. పంతొమ్మిదో నిమిషంలో ఆ వాక్యం సగానికి రాగానే లేచి నేనే ఆపుతాను. ఓ ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను. తర్వాత మళ్లీ పెడతాను.