నాకు నేనే వేసుకున్న గైర్హాజరు

మిత్రులారా, టీ చల్లారకముందే ఒక సంగతి విన్నవించుకోవాలి. ఆమధ్య సోమవారం నాడు నేను ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని, చెప్పిన వేళకంటే ముందే వెళ్లాను. సాయంత్రానికి, అభ్యర్థుల జాబితాలో నా పేరుకు ఎదురుగా నా చేత్తో నేనే ‘ఆబ్సెంట్’ అని రాసి, శాలువా కప్పించుకుని ఇంటికి తిరిగి వచ్చాను! నవ్వండి నారాయణరెడ్డి గారూ, నవ్వండి. నాకూ నవ్వు వచ్చింది. కాకపోతే మొదట వచ్చింది నవ్వు కాదు.

ఇంటర్వ్యూ దేనికంటే, బుక్కరాయసముద్రం దారిలో ఉన్న ఒక చిన్న థియాలజీ కాలేజీలో బి.డి. కోర్సుకు. పాస్టర్లు కాదలచినవారు చదివే చదువు అది. జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి, ఈ వయసులో మళ్లీ బెంచీ మీద కూర్చోవాలని ఎందుకు బుద్ధి పుట్టిందని మీరు అడగవచ్చు. ఆ కోరిక నాది కాదు. పోయిన ఏడు నన్ను విడిచి వెళ్లిన నా భార్య దీనమ్మది.

ఆమె యాడికి ఊరి ఆడపడుచు. పదో తరగతితోనే చదువు ఆగిపోయింది. మన చర్చిలో సండే స్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది. పిల్లలు వేసే ప్రశ్నలకు జవాబులు వెతికి వెతికి, చివరికి తానే థియాలజీ చదవాలని పట్టుపట్టింది. నేను ప్రాస్పెక్టస్ తెప్పించి చదివి వినిపించాను. గుర్తింపు పొందిన యూనివర్సిటీ డిగ్రీ ఉండాలి. బాప్తిస్మం సర్టిఫికేటు ఉండాలి. సంఘ కాపరి ఉత్తరం ఉండాలి. ఆపైన ఇంటర్వ్యూ.

“డిగ్రీనా?” అన్నది. “అయితే డిగ్రీ చదువుతా.”

ఓపెన్ యూనివర్సిటీలో, ఇంటర్ లేకపోయినా, ఒక అర్హత పరీక్ష రాస్తే నేరుగా బి.ఏ.లో చేర్చుకుంటారు కదా. చేరింది. చిక్కేమిటంటే ఆ క్లాసులు ఆదివారం పూటే! దేవుణ్ణి గురించి చదవడానికి అర్హత సంపాదించాలంటే ముందు దేవుని గుడి ఎగ్గొట్టాలన్న మాట. మొదటి ఆదివారం ఆమె చర్చి గేటు ముందు నిలబడి, లోపలికి పోకుండానే చేతులు జోడించి, పైకి వినబడేలా అన్నది: “ప్రభువా, నీ గురించి చదివేదానికే పోతాండా. ఈ పొద్దు నాకు ఆబ్సెంట్ వేయొద్దు.” గేటు దగ్గర చెప్పులు విడుస్తున్న వాళ్లంతా నవ్వారు. తరువాత ప్రతి ఆదివారమూ అదే మాట చెప్పి బస్సెక్కేది.

డిగ్రీ వచ్చింది. దాని వెనకే జబ్బు కూడా వచ్చింది.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచి అడిగింది. “ఏమండీ సారూ, ఈడ సీటు ఇచ్చేదానికి డిగ్రీ ఉండల్ల, ఉత్తరం ఉండల్ల అంటారు గదా. పైన లోపలికి రానిచ్చేదానికి గూడా ఇట్లనే ఏమన్నా అడుగుతారా?”

నా మాటతీరు మీకు తెలుసు. నేను విషయానికి వచ్చేలోపల విషయం బస్సెక్కి గుత్తి దాటిపోయి ఉంటుందని దీనమ్మే అంటుండేది. ఆనాడూ అంతే. “దీనా, ఈ అంశంలో పెద్దలకు భిన్నాభిప్రాయాలు ఉన్న మాట వాస్తవమే అయినప్పటికీ...” అని మొదలుపెట్టాను. నేను ముగించేలోగా ఆమె నిద్రపోయింది. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. అడిగే వ్యవధి లేకపోయింది.

ఆమె కూర్చోవలసిన క్లాసులో నేను కూర్చుని, ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలనిపించింది. అంతే. అప్లికేషన్ పోస్టులో పంపాను. నా పూర్తి పేరు, పొలిమేర జెఫన్యా అని రాశాను. ఆ పేరు ఈ ఊళ్లో ఎవరికీ తెలియదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. నా విద్యార్థులందరికీ నేను ‘గ్రామర్ సార్’ను. నా అసలు పేరు చివరిసారిగా పలికింది బహుశా నా పెళ్లి జరిపించిన పాస్టరే.

సరే, సోమవారం వెళ్లాను. ఆ దారిలో చెరువు చూశారు కదా, ఈ శతాబ్దం పుట్టాక అందులో నీళ్లు చూసిన గుర్తు నాకైతే లేదు. కాలేజీ ఆవరణలో వేపచెట్ల కింద అభ్యర్థులు సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేనూ వెళ్లి వాళ్ల వరుసలో నిలబడ్డాను. నిలబడి నిమిషం కాలేదు, లోపలినుంచి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఏం సార్, ఈడ ఎండలో నిలబడినారు! మీరు నిలబడల్లనా?”

సామ్యూల్. నా పాత విద్యార్థి. ఇప్పుడు ఆ కాలేజీకి వైస్ ప్రిన్సిపాల్.

“సామ్యూల్, నేను ఇక్కడికి రావడానికి గల కారణాన్ని నీకు సవినయంగా...”

“తెలుసు సార్, అంతా తెలుసు. ఎవరికో సీటు విషయం మాట్లాడేదానికి వచ్చినారు. అవునా కాదా?”

“సీటు విషయమైన మాట నిజమే, కాని...”

“మీ మాట కాదంటామా సార్? ముందు లోపలికి రాండి, కాఫీ తాగుదురు.”

మన ఊళ్లో తల నెరిసిన మనిషి ఒక ఆఫీసుకు వచ్చాడంటే, అది ఇంకొకరికి సిఫారసు చేయడానికే తప్ప తన కోసం అయి ఉండదని అందరికీ నమ్మకం. ఆ రోజు వరకూ నేనూ అదే నమ్మినవాణ్ణి. వరుసలోంచి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే, అభ్యర్థులంతా లేచి నిలబడి నాకు నమస్కారాలు పెట్టారు. నేనూ తిరిగి పెట్టాను. అదే మొదటి తప్పు.

లోపల బల్ల వెనక ఇద్దరు ఉన్నారు. ఒకరు కోస్తా నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ గారు, మృదువుగా మాట్లాడే మనిషి. రెండో ఆయన ఆనందప్ప అనే సంఘ పెద్ద, మృదువుగా మాట్లాడడం అలవాటు లేని మనిషి. సామ్యూల్ నన్ను మూడో కుర్చీలో కూర్చోబెట్టాడు.

“సార్, బయటినుంచి రావాల్సిన మెంబరు రాలేదు. బస్సు యాడనో చెడిపోయిందంట. బయటి మెంబరు లేకుంటే ఇంటర్వ్యూ జరపకూడదు, రూలు. వీళ్లందర్నీ వెనక్కి పంపల్ల అనుకుంటాండాం, దేవుడే మిమ్మల్ని పంపినాడు!”

“ఈ కుర్చీలో కూర్చోవడానికి నాకు ఒక ముఖ్యమైన అభ్యంతరం...”

“మీకు లేని అర్హతా సార్!” అన్నారు ప్రిన్సిపాల్ గారు చేతులు జోడించి.

కిటికీలోంచి బయటికి చూశాను. వేపచెట్ల కింద అందరూ ఈ తలుపు వైపే చూస్తున్నారు. ఎక్కడెక్కడి నుంచో బస్సులు మారి వచ్చినవాళ్లు. నేను లేచి వెళ్తే వాళ్లంతా మళ్లీ బస్సులెక్కాలి. ముందు వీళ్ల పని కానిచ్చి, నా పేరు వచ్చినప్పుడు లేచి అసలు విషయం చెబుదామనుకున్నాను. కాఫీ వచ్చింది. తాగాను. అది రెండో తప్పు. వాళ్ల కాఫీ తాగాక మర్యాద మరీ బిగుసుకుంటుంది.

ఒక్కొక్కరే వచ్చారు, వెళ్లారు. నేను ప్రశ్నలు కూడా అడిగాను, సిగ్గు లేకుండా. కొంతసేపటికి అటెండరు గుమ్మంలో నిలబడి కేకవేశాడు.

“జెఫన్యా! పొలిమేర జెఫన్యా!”

నా పేరు అంత గట్టిగా ఎవరైనా పిలవడం ఎన్నాళ్లకో! కుర్చీలోంచి సగం లేచాను. ఆనందప్ప జాబితాలోకి తొంగి చూశాడు.

“ఎవరప్పా ఈయప్ప? రిటైరైనోడంట! ఈ వయసులో బి.డి. చదివి ఏం చేస్తాడు సార్? తన సమాధి ప్రార్థన తానే చేసుకుంటాడా?”

సామ్యూల్ పకపక నవ్వాడు. మర్యాదకు నేనూ నవ్వాను. నవ్వి, కూర్చున్నాను. అది మూడో తప్పు. అంత పెద్దది నా జన్మలో మరొకటి లేదు.

“వయసుకు నిబంధన ఏమీ లేదండీ,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “పైగా ఎం.ఏ., ఫస్ట్ క్లాసు. సంఘ కాపరి ఉత్తరం కూడా బ్రహ్మాండంగా ఉంది.”

“ఈ అభ్యర్థికి సంబంధించి కమిటీ దృష్టికి ఒక సంగతి తీసుకురావడం నా ధర్మమని భావిస్తూ...” అన్నాను.

“తప్పకుండా సార్, చివర్లో చూద్దాం.”

అటెండరు ఇంకోసారి కేకవేసి, చెట్ల కింద వెతికి వచ్చి, “అట్లాంటోడు ఎవరూ లేడు సార్” అని తేల్చి చెప్పాడు.

ఆఖరున వచ్చింది రూతమ్మ అనే ఆవిడ. కుందుర్పి దగ్గర పల్లె. వేరుశనగ పొలాల్లో కూలికి పోతుంది, సాయంత్రాలు ఆడవాళ్ల ప్రార్థన కూటం నడుపుతుంది. ఒక్కగానొక్క సీటు మిగిలి ఉంది. ఆమె కుర్చీ అంచున కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది.

“థియాలజీ ఎందుకమ్మా?” అడిగారు ప్రిన్సిపాల్ గారు.

“మా వూరికి పాస్టరయ్యగారు ఎప్పుడో ఒగసారి వస్తాడు సార్. వాన కోసం ప్రార్థన చెయ్యక్కా అని నన్నే అడుగుతారు అందరూ. చేస్తా. వాన రాదు. ఎందుకు రాలేదక్కా అని మళ్లీ నన్నే అడుగుతారు.”

“ఈడ చదివితే వాన వస్తాదా?” అన్నాడు ఆనందప్ప.

“రాదులేన్నా. రానప్పుడు వాళ్లతో ఎట్ల మాట్లాడల్లో తెలుస్తాదేమో అని.”

ప్రిన్సిపాల్ గారు ఆమె సర్టిఫికెట్లు తిరగేసి, నిట్టూర్చి, ఆమెను బయట కూర్చోమన్నారు.

“కష్టమండీ. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ. పది, ఇంటర్, ఆపైన డిగ్రీ, వరుసగా ఉండాలని నిబంధన. ఇటువంటి డిగ్రీ మన కోర్సుకు చెల్లదు. పోయిన ఏళ్లలో కూడా ఇలాంటి వాళ్లను వెనక్కే పంపాం.”

మిత్రులారా, ప్రాస్పెక్టస్ చదివి వినిపించినవాణ్ణి నేనే కదా. అందులో డిగ్రీ అని ఉంది. ఇంటర్ సంగతి లేదు. అన్ని ఆదివారాలు గుడి గేటు ముందు దేవుడికి సెలవు చెప్పి బస్సెక్కిన దీనమ్మ బతికి ఉండి, ఈ గదిలోకి వచ్చి, ఈ కుర్చీ అంచున కూర్చుని ఉంటే, ఆమెను కూడా ఇంత మృదువుగానే వెనక్కి పంపేవారు.

“ఆమెను ఒకసారి లోపలికి పిలవండి,” అన్నాను. రూతమ్మ వచ్చింది. “అమ్మా, ఓపెన్ యూనివర్సిటీ క్లాసులు ఆదివారం కదా. గుడి సంగతి ఏం చేసినావు?”

ఆమె తల వంచుకుంది. “ఎగ్గొట్టినా సార్. తప్పే. క్లాసు అయినాక, గుడికి బీగం వేసుంటే, బయట మెట్ల మీద కూర్చొని ప్రార్థన చేసుకొని పొయ్యేదాన్ని.”

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. దుమ్ము పడిందన్నాను. అనంతపురంలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

ఆమె బయటికి వెళ్లాక ప్రిన్సిపాల్ గారు అన్నారు: “కమిటీ అంతా ఒక్కమాటగా రాస్తే ప్రత్యేక సందర్భంగా తీసుకోవచ్చు. కాని ఉన్నది ఒకటే సీటు. ఆ జెఫన్యా గారికి అన్ని అర్హతలూ ఉన్నాయి. పాపం, బస్సు దొరకలేదేమో. ఇంకాస్త సేపు చూద్దామా?”

“రాడు,” అన్నాను.

అందరూ నా వైపు చూశారు. నా జీవితంలో ఉపోద్ఘాతం లేకుండా ఇచ్చిన మొదటి జవాబు అదే.

“మీకెట్ల తెలుసు సార్?” అన్నాడు సామ్యూల్.

“నాకు బాగా తెలిసినవాడు. ప్రతిదానికీ ఆలస్యమే. సీటు ఆమెకు ఇవ్వండి.”

ఇచ్చారు. జాబితా నా ముందుకు జరిపారు. ‘జెఫన్యా’ పక్కన ‘ఆబ్సెంట్’ అని నా చేత్తో రాశాను. అక్షరాలు మాత్రం ముత్యాల్లాగా వచ్చాయి.

ఆ తరువాత శాలువా. ఆ శాలువా రాని సభ్యుడి కోసం తెప్పించిందట! కప్పి, ఫోటో తీసి, సామ్యూల్ తన స్కూటరు మీద నన్ను ఇంటిదాకా దింపాడు. దింపి, చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగాడు.

“సార్, మీరు సీటు విషయంగా వచ్చినానంటిరే, అది ఈ రూతమ్మ కోసమేనా? ముందే ఒగ మాట చెప్పింటే పోయేది గదా!”

“అవును,” అన్నాను.

ఇంట్లోకి వెళ్లి, శాలువా తీసి, దీనమ్మ డిగ్రీ సర్టిఫికెట్టు ఉన్న బీరువాలోనే పెట్టాను. ఆమె ప్రశ్నకు జవాబు మాత్రం తెచ్చుకోలేకపోయాను. ‘పైన ఇంటర్ అడగరులే దీనా’ అని మాత్రం చెప్పాను. అంతకంటే ఎక్కువ చదువు నాకు రాలేదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నిన్న పోస్టుమ్యాన్ ఉత్తరం తెచ్చాడు. శ్రీ పొలిమేర జెఫన్యా గారికి, మీరు ఇంటర్వ్యూకు హాజరు కానందువల్ల మీకు సీటు ఇవ్వలేకపోతున్నందుకు విచారిస్తున్నామని. కింద కమిటీ సభ్యుల సంతకాల్లో నాది మూడోది, ఆ రోజే పెట్టింది, పేరు ఎవరూ చదవలేని గిలుకుడు. ఇంగ్లీషు చాలా చక్కగా ఉంది, ఒక్క కామా కూడా తప్పిపోలేదు. ఎందుకు తప్పిపోతుంది? ఆ రోజు, ‘సార్, మీరుండగా మా ఇంగ్లీషు ఎందుకు’ అని సామ్యూల్ ఆ డ్రాఫ్టు నా ముందు పెడితే, దిద్దింది నేనే. వాళ్లు ‘రిగ్రెట్’ అని మాత్రమే రాశారు. దానికి ముందు ‘డీప్లీ’ అని చేర్చిందీ నేనే.