లక్షా నలభై వేల క్లిక్కులు, ఒక మోచెయ్యి

ఆ రోజుల్లో ఫోన్లు ముఖ్యంగా మాట్లాడుకోవడానికే ఉండేవి. వాటిలో కేమెరా ఉన్నా, తీసిన ఫొటోలో మనిషేదో గోడేదో పోల్చుకోవడం కష్టం. అందుకని మా భిలాయిలో నలుగురూ కలిసి ఫొటో దిగాలంటే ఒక ఆదివారం, ఒక స్టూడియో మనిషి, ఇస్త్రీ బట్టలు, బోలెడంత ఓపిక కావలసి వచ్చేవి. ఆ ఫొటో ఏ పుస్తకంలోనైనా అచ్చయితే ఇక ఏళ్ల తరబడి ఇంటింటా పడి ఉండేది. ఇప్పుడు రోజుకు వంద ఫొటోలు తీసి ఒక్కటీ తిరిగి చూడనివాళ్లకు ఇది చెబితే, "అంత బాధెందుకు, ఇంకొకటి తీయించుకోవలసింది" అంటారు. ఇంకొకటి తీయలేదు కాబట్టే బాధ.

ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు ప్లాంటు ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు కట్టుకున్న తెలుగు చర్చి మాది. దాని స్వర్ణోత్సవానికి ఒక పుస్తకం వేశారు. పదకొండో పేజీలో మా పాటల బృందం ఫొటో ఉంది. బృందంలో మేము పద్నాలుగు మందిమి. ఫొటోలో పదమూడు మంది, ఒక మోచెయ్యి ఉన్నారు. ఆ మోచెయ్యి నాది. (ఎవరైనా అనుమానిస్తారని చెబుతున్నాను, చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ మచ్చ దాని మీద స్పష్టంగా కనిపిస్తుంది.) కింద పదమూడు పేర్లు వేసి, చివర "మరియు ఇతరులు" అని రాశారు. ఇతరులంటే నేనొక్కదాన్నే. నేను కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ జవాబు రాలేదు. చివరికి కమిటీ సెక్రటరీగారినే చర్చి మెట్ల మీద ఆపి అడిగితే ఆయన, "ఏటమ్మా, నీది మోచెయ్యయినా వచ్చింది. మా తమ్ముడు అసలు పుస్తకంలోనే లేడు" అన్నారు. వాళ్ల తమ్ముడు ఎన్నడూ మా బృందంలో పాడలేదు. ఆయన ఉండేది పార్వతీపురంలో.

రెండేళ్లు గడిచాయి. నేను ఒక బడిలో లెక్కల టీచరుగా చేరాను. ఆ ఏడు నవంబరులో చర్చి సర్వసభ్య సమావేశం జరిగింది. క్రిస్మస్‌కి బృందం ఫొటో మళ్లీ తీయించి కేలండరు వేద్దామని, పాత స్టూడియో అతన్నే పిలుద్దామని సెక్రటరీగారు అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఈసారి ఫొటో నేనే నా సొంత కేమెరాతో తీస్తానని, అందులో ఎవరినీ అంచున కత్తిరించకూడదని, ఆ షరతు మినిట్స్‌లో రాయాలని చెప్పాను. రాశారు. అందరూ చప్పట్లు కూడా కొట్టారు. అందులో ఒకే ఒక్క ఇబ్బంది ఉంది. నాకు కేమెరా లేదు. క్రిస్మస్ ముందరి ఆదివారానికల్లా అది లేకపోతే పాత స్టూడియో అతనే వస్తాడు, నేను మళ్లీ అంచునే నిలబడతాను, పైగా సెక్రటరీగారు నవ్వుతారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు.

కొత్త కేమెరా నా జీతానికి అందేది కాదు. వారం రోజులు వాకబు చేస్తే ఊరు మొత్తంలో అమ్మకానికి ఉన్న వాడిన కేమెరా ఒక్కటే తేలింది. అది నెహ్రూ నగర్‌లో, నా మోచెయ్యి తీసిన స్టూడియోలోనే ఉంది. ఆ స్టూడియో అతన్ని అందరూ స్మైల్ భయ్యా అనేవారు. తల్లిదండ్రులు తెలుగువాళ్లే గాని పుట్టింది ఇక్కడే కావడంతో మాటల్లో సగం హిందీ. ఆ షాపు గడప తొక్కనని నేను రెండేళ్ల కిందటే నిశ్చయించుకున్నాను. (అతనికి ఆ సంగతి తెలియదు. అలాంటివి తెలియజేయడం నా అలవాటు కాదు, గుర్తుపెట్టుకోవడమే అలవాటు.) కత్తిరించినవాడి దగ్గరే కత్తెర కొనుక్కోవడం ఓటమా గెలుపా అని ఆలోచిస్తూ రోడ్డుకు ఇవతల పావుగంట నిలబడి, గెలుపేనని తేల్చుకుని లోపలికి వెళ్లాను.

కేమెరా గాజు బల్ల మీద ఉంది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే జిగురుతో అంటించారు. బటన్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. మెడ పట్టీ ఒకప్పుడు ఏ రంగో దేవుడికే తెలియాలి.

"దీదీ, ఇది చాలా కమ్ వాడినది. ఝూట్ చెప్పను. చూడండి, మూడు వేల ఫొటోలు కూడా పూరా కాలేదు" అని తెర మీద అంకె చూపించాడు. రెండు వేల తొమ్మిది వందల చిల్లర ఉంది.

నాకు కావలసింది అందులో పది సెకన్ల టైమరు. అది నొక్కి పరుగెత్తి వెళ్లి, బృందం మధ్యలో నిలబడాలి. అంచున కాదు, మధ్యలో. టైమరు పనిచేసింది. "మా డాడీకి చూపించాలి" అన్నాను. రేపు పక్క ఊరు ఉతైలో ఒక పెళ్లికి ఫొటోలు తీయాలని, దానికి కొత్త కేమెరాతో వెళతానని, దీన్ని ఒక రోజు ఉంచుకోమని ఇచ్చేశాడు. మా డాడీ ఎవరో తెలిసి ఉంటే ఇచ్చేవాడు కాదు.

డాడీ ప్లాంటులో మిల్లు మెయింటెనెన్స్‌లో ఫోర్‌మన్. మరోదా కాలనీలో మా క్వార్టరుకు మిక్సీ వచ్చినా, కుక్కరు వచ్చినా ఆయన సంతకం పడనిదే అమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కేమెరాను అటూ ఇటూ తిప్పి, తెర మీద అంకె చూశారు.

"ఇది నాలుగంకెల మీటరే. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అయిపోతే మళ్లీ ఒకటికి వస్తాది. ఎన్ని చుట్లు తిరిగినాదో అడిగినావేటి?"

అడగలేదు. డాడీ అప్పటికప్పుడు ఫోను చేయించారు. స్మైల్ భయ్యా నిజాయితీగానే, "చౌదా సార్లు తిరిగి ఉంటుంది అంకుల్" అన్నాడు. పద్నాలుగు చుట్లు. లక్షా నలభై వేల పైచిలుకు క్లిక్కులు. అందులో ఒకటి నా మోచెయ్యి.

నేను కేమెరాను సంచిలో పెట్టేయబోయాను. డాడీ ఆపారు. "ఎక్కువ ఆడినంత మాత్రాన మెషిను చెడ్డదవదమ్మా. ఆడకుండా మూల పడున్నదే మోసం చేస్తాది. మోటారు వచ్చిందనుకో, ఒక షిఫ్టు లోడు మీద ఆడించకుండా మేం సంతకం పెడతామేటి? దీన్నీ ఆడిద్దాం."

"కేమెరాకి షిఫ్టేటండీ?" అంది అమ్మ వంటింట్లోంచి.

"మెషినన్నాక షిఫ్టు ఆడాల."

మర్నాడు డాడీకి వారపు సెలవు. ఉదయం ఆరింటికి కేమెరాను భోజనాల బల్ల మీద, రెండు బైబిళ్లూ ఒక పప్పు డబ్బా ఎత్తు పెట్టి, గోడ గడియారం వైపు తిప్పారు. ప్రతి ఫొటోలోనూ టైమ్ దానంతటదే రికార్డవుతుందని ఆయన ఏర్పాటు. పది సెకన్లకు ఒక క్లిక్కు. పావుగంటకోసారి కేమెరా ఒంటి మీద అరచెయ్యి వేసి వేడి చూసి రిజిస్టరులో రాసేవారు. గంటకోసారి పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను కేమెరా మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వినేవారు. ప్లాంటులో బేరింగులు వినేది అలాగేనట. "స్మూతుగానే ఉన్నాది" అని రాసుకున్నారు. ఆయన టిఫిను తినేటప్పుడు రిలీఫ్ డ్యూటీ అమ్మకు పడింది. చార్జ్ అప్పగించినట్టు సంతకం పెట్టమంటే అమ్మ, "ఇడ్లీ పాత్ర దించడానికి నాకెవుల్ రిలీఫిచ్చినారు?" అని, పిండి చేత్తోనే క్లిక్కులు నొక్కింది. నేను పక్కన కూర్చుని, ఆ కేమెరా నెగ్గాలని ప్రార్థన చేశాను. ఒక వస్తువు కోసం నేను అంత చిత్తశుద్ధితో ప్రార్థించడం అదే మొదలు.

షిఫ్టు దిగడానికి ఇరవై నిమిషాలుందనగా, ఒకటీ నలభైకి, కేమెరాలో "కటక్" మంది. ఆ పైన ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. లోపల రెక్కలా తెరుచుకునే షట్టరు సగంలో ఇరుక్కుపోయి, ఆఖరి ఫొటోలో గడియారం పై సగం నల్లగా ఉంది. డాడీ టైము రాసి, కింద గీత గీసి, "టెస్టులో ఫెయిల్" అని ఎర్ర సిరాతో రాశారు. అమ్మ మాత్రం, "అది పోలేదండీ, మీరే చంపీసినారు" అంది.

ఆ సాయంత్రం నేనూ డాడీ స్టూడియోకి వెళ్లాం. ఉతై పెళ్లి నుంచి అప్పుడే వచ్చిన స్మైల్ భయ్యా కేమెరాలోని ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పాడు. గడియారం. గడియారం. గడియారం. రెండు వేల ఏడు వందల గడియారాలు.

"అంకుల్, ఏం చేశారు దీన్ని? పెళ్లి కూడా నాలుగు గంటల్లో ఖతం అవుతుంది!"

"టెస్టులో పోయిందంటే సప్లయరే భరించాల బాబూ. రూలది."

"లక్షా నలభై వేల మందిని చూసి బతికింది అంకుల్. మీ గడియారాన్ని చూసి చచ్చింది!"

ఇద్దరికీ మధ్య నేను కల్పించుకున్నాను. కల్పించుకోవలసిన విషయం షట్టరు. కాని నా నోట్లోంచి వచ్చింది వేరు. "నువ్వు మాట్లాడకు భయ్యా. పద్నాలుగు మందిలో ఒక మనిషిని కత్తిరించి పారేసినవాడివి, నీకు న్యాయమేమిటి?" అన్నాను. రెండేళ్లుగా అద్దం ముందు సాధన చేసిన వాక్యం అది. బాగానే వచ్చింది.

స్మైల్ భయ్యా నన్ను తేరిపార చూశాడు. తరువాత కంప్యూటరు తెరిచి, చర్చి పేరున్న ఫోల్డరులోంచి ఐదు ఫొటోలు వరుసగా పెట్టాడు. స్వర్ణోత్సవం నాడు తీసినవి. కత్తిరించనివి. ఐదింటిలోనూ పదమూడు మంది కేమెరా వైపు చూసి నవ్వుతున్నారు. ఐదింటిలోనూ అంచున నేను, నిండుగా, పక్కకు తిరిగి, నోరు తెరిచి, చూపుడు వేలు ఎత్తి పక్కనున్న ఆంటీతో పోట్లాడుతున్నాను. నన్ను అంచుకు నెట్టిందని. (నెట్టింది. అది ఇప్పటికీ నా అభిప్రాయమే.)

"పాంచ్ సార్లు స్మైల్ అన్నాను దీదీ. పాంచ్ సార్లూ మీరు లడాయిలోనే ఉన్నారు. పుస్తకంలో చర్చి ఇజ్జత్ పోతుందని, మీ ఇజ్జత్ కూడా పోతుందని కట్ చేశాను. ఎవరికీ చెప్పలేదు."

నేను ఐదింటిలోనూ ఆ మోచెయ్యి వెతికి చూశాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మరి మోచెయ్యి ఎందుకు వదిలేశావు?" అన్నాను.

"అది కూడా కట్ చేస్తే ఆంటీ భుజం పోతుంది దీదీ."

డాడీ నా పక్షాన ఒక్క మాట అనలేదు (ఇదీ గుర్తుంది). కళ్లజోడు తీసి తుడుచుకుని, "రికార్డు మాత్రం బాగా ఉంచినాడమ్మా. లాగ్ బుక్ ఇలాగే ఉండాల" అన్నారు. ఆపైన ఆ మనిషి మీద ఆయనకు ఎక్కడలేని గౌరవం కలిగింది. రాయపూర్‌లో షట్టరు మార్పించేలా, ఖర్చు చెరిసగం వేసుకునేలా ఇద్దరూ నిమిషంలో తేల్చుకున్నారు. "షట్టరు కొత్తదైతే మీటరు సున్నా నుంచే లెక్క. కొనీమ్మా" అన్నారు డాడీ. వద్దనడానికి నా దగ్గర కారణాలు చాలానే ఉన్నాయి. ఆ రబ్బరు, ఆ పట్టీ, ఆ పద్నాలుగు చుట్లు. కాని ఆ ఐదు ఫొటోలున్న గదిలో నిలబడి ఫిర్యాదు చేయడం అంత సులభం కాదు. కొనేశాను.

కేమెరా రాయపూర్ నుంచి శుక్రవారానికి తిరిగి వచ్చింది. ఆదివారం ఆరాధన కాగానే, చర్చి మెట్ల ఎదుట స్టూలు వేసి, దాని మీద కేమెరా పెట్టి, అందరినీ నేనే నిలబెట్టాను. మధ్యలో నా కోసం ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలాను. టైమరు నొక్కి పరుగెత్తాను. మొదటి ఫొటోలో నా వీపు పడింది. రెండోదానిలో నేను ఇంకా పరుగెడుతూనే ఉన్నాను. మూడోసారి నొక్కీ నొక్కగానే పరుగందుకుని వేళకు చేరుకున్నాను గాని, అప్పటికి ఆ ఖాళీలో సెక్రటరీగారు నిలబడి ఉన్నారు. నాలుగోదానికి సగం మంది టీకి వెళ్లిపోయారు.

కమిటీ మూడోదాన్ని ఎంచుకుంది. "అందరం బాగా పడ్డాం తల్లీ. నువ్వు కూడా నిండుగా ఉన్నావు" అన్నారు సెక్రటరీగారు. నేను కాస్త అంచు కత్తిరిస్తే బాగుంటుందేమో అన్నాను. ఆయన మినిట్స్ పుస్తకం తెప్పించి, నా షరతు నాకే చదివి వినిపించారు. అయినా నేనున్నది మధ్యలో, కత్తిరించడానికి వీలయ్యే చోటు కాదు. అలా ఆ ఏడు మా తెలుగు ఇళ్లన్నిటిలో పన్నెండు నెలల పాటు, పదమూడు నవ్వు ముఖాల నడుమ, నోరు తెరిచి, సెక్రటరీగారి చెవి దగ్గర చూపుడు వేలు ఎత్తి నేను వేలాడాను.

ఇప్పుడు ఆ కేమెరా బీరువాలో ఉంది. రబ్బరు మళ్లీ ఊడింది. డాడీ రిజిస్టరు కూడా దాని పక్కనే ఉంది, ఆఖరి పేజీలో ఎర్ర సిరాతో సహా. పుస్తకాన్నీ కేలండరునూ అప్పుడప్పుడు తీసి పక్కపక్కన పెట్టి చూస్తుంటాను. ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్ల ఆ పిల్ల మీద నాకు కోపమేమీ లేదు. ఆమెను నెట్టిన మాట నిజం, ఆమె చోటు ఆక్రమించిన మాటా నిజం. కాకపోతే ఆ రోజుల్లో ఎవరు తీసిన ఫొటో చూసినా నేను ఎవరితోనో ఒకరితో తగవులోనే ఉన్నాను. నిమ్మళంగా, ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేకుండా కనిపించేది ఒక్క పదకొండో పేజీలోనే. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ మోచెయ్యి.