మూడేళ్ల గుత్త

పోయిన వారం చిక్కబళ్ళాపురంలో అన్నకు ఏటేటా తీసే స్కాన్ తీయించి, డాక్టరుకు చూపించి, చింతామణి బస్సెక్కాము. అన్న నా భుజం మీద తల ఆనించి నిద్రపోయాడు. కదిలితే లేస్తాడేమోనని అట్లాగే కూర్చున్న నాకు, మేమిద్దరం బాగేపల్లి వైపు చింతతోపులు గుత్తకు పట్టిన రోజులు గుర్తుకొచ్చాయి.

నేను బడి మధ్యలోనే మానినవాణ్ణి, లెక్కలు మాత్రం చెట్ల కింద నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. కాయ పచ్చిగా ఉండగానే తోపంతా తిరిగి, కాపున్న కొమ్మలు చూసి, గాలికి రాలేదీ పురుగు తినేదీ తీసేసి, ఎంత పండు దిగుతుందో చెప్పేవాణ్ణి. ఒక్కో చెట్టు దగ్గర పొరపాటు పడినా తోపు మొత్తం మీద తప్పేది కాదు. చెట్టెక్కి కొమ్మలు దులిపేది అన్న. చింత ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు కాయకపోవచ్చు, అందుకని గుత్త ఎప్పుడూ మూడేళ్లకే పెట్టుకునేవాళ్లం.

అట్లా ఒక చెట్టు మీద ఉండగానే అన్నకు రొమ్ము చీల్చినట్టు నొప్పి వచ్చింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలిందన్నారు. బెంగళూరులో రొమ్ము తెరిచి, చెడిన భాగం తీసేసి గొట్టం వేశారు. బతికాడు. ఎన్నేళ్లుంటాడని అడిగితే, ఈ గండం దాటినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి బాగుంటారు, కానీ ఈయన సంగతి విడిగా చెప్పలేనన్నాడు డాక్టరు. తోపుకూ చెట్టుకూ ఉన్న తేడా అది, నాకు వెంటనే అర్థమైంది.

వదిన మాత్రం డాక్టరు మాటకు ఒప్పుకోలేదు. "నీ లెక్క యాడా తప్పలేదు కదప్పా, నువ్వన్నా చెప్పు," అంది. మంచం మీద నుంచి అన్న, "నన్ను చింతచెట్టు అనుకున్నావేమే? ఈసారి కాపు తక్కువుండాదంటాడు, పో," అన్నాడు. వదిన నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తరువాత మేము పట్టిన మిట్టేమరి ఊరి తోపు గుత్త తిరగరాసే సమయం వచ్చింది. తోపు ఆసామి పెద్దమనిషి, అన్నంటే ప్రాణం. మజ్జిగ తెప్పించి, ఆరోగ్యం గురించి చాలాసేపు అడిగి, చివరికి నేల చూస్తూ, "ఈ తూరి ఒక ఏటికే పెట్టుకుందాంలేప్పా, నీకూ భారం తగ్గుతాది," అన్నాడు. డాక్టరు చెప్పలేనన్న లెక్క ఆయన నోట వచ్చింది. ఎదురు చెప్పబోయాను, కానీ ఏ అంకె చెప్పను? అన్న గ్లాసు కింద పెట్టి, "అట్లే కానీప్పా," అన్నాడు. అప్పటి నుంచి ఒక్కో ఏటికే పడుతున్నాము.

ఇప్పుడు గొట్టానికి కింది భాగంలో నాళం కొంచెం ఉబ్బిందట. ఏడాది ఆగవద్దు, ఆర్నెల్లకే రమ్మన్నారు.

మా నాయన కాలంలో ఇట్లాంటి నొప్పి వచ్చినవాడు పొద్దు గూకేలోపు పోయేవాడు, గుండె ఆగిందనుకునేవాళ్లం. ఇప్పటి వైద్యం మా అన్నను మాకు మిగిల్చింది, కాదనను. కానీ ఒకప్పుడు మా ఇంట్లో పెళ్లి గానీ బోరు గానీ, వచ్చే ఏడు కాకపోతే ఆపై ఏడు అని ఎంత తేలికగా అనుకునేవాళ్లమో. ఆపై ఏడు అనే మాట ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.