పిన్నిగారి మనీప్లాంటు, నా పూచీ

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను నమ్మి ఒక పని అప్పగిస్తే చాలు, జీతం పెరిగినంత సంబరపడేదాన్ని (జీతం ఎప్పుడూ పెరగలేదు కనుక ఆ పోలిక ఊహించి చెబుతున్నదే). తొంభైల చివర్లో నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరి, రిటైరైన డ్రిల్లు మాస్టారి ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆయన భార్యను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఇంటి పెత్తనమంతా పిన్నిగారిది, పిన్నిగారి ప్రాణమంతా హాల్లోని మనీప్లాంటుది. కుండీలో కొబ్బరిపీచు చుట్టిన వెదురు కర్ర పాతి దాని మీదకి తీగను ఎక్కించారు. కర్ర అయిపోయాక పురికొస కట్టి, గోడ గడియారం మీదుగా కిటికీ దాకా నడిపించారు. కర్రను పట్టుకున్నచోట ఆకులు నా అరచేతికి రెండింతలు, పురికొస మీద మాత్రం తమలపాకంత. శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచి, పీచు మీద నీళ్లు చిలకరించేవారు. నాకు ముందు ఆ గదిలో ఉన్నావిడ వానాకాలంలో ఒకసారి ఆ పురికొస మీద తువ్వాలు ఆరేసిందట. నెల తిరక్కుండా గది ఖాళీ అయింది.

ఒక వేసవిలో నక్కపల్లిలో ఉన్న పిన్నిగారి అక్కగారు కాలుజారి పడి మంచం పట్టారు. పిన్నిగారు నెలన్నర అక్కడ ఉండాల్సి వచ్చింది. బయల్దేరే రోజు నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "మాస్టారికి మతిమరుపు. మొక్కని నీ మీదే ఒగ్గేసి ఎల్తన్నానమ్మాయ్. రోజు మార్చి రోజు ఒక్క గ్లాసుడు నీళ్లు, అంతే. ఆయనకి సెప్పకు, సిన్నబుచ్చుకుంటారు" అన్నారు.

ఆ మాటతో నేను నేల మీద నిలవలేదు. మాస్టారు వాకింగుకి వెళ్లిన సమయం చూసి, గ్లాసుతో నీళ్లు కొలిచి మరీ పోసేదాన్ని. మట్టి ఎప్పుడు ముట్టుకున్నా తడిగానే ఉండేది, మంచి కుండీ కాబోలు, నీళ్లు బాగా ఆపుతోంది అనుకున్నాను. మూడో వారంలో ఒక ఆకు పండింది. తుంచి హ్యాండుబ్యాగులో పెట్టుకుని స్కూలుకు వెళ్తూ దారిలో పారేశాను. తర్వాత రెండు, తర్వాత నాలుగు. ఎండలకి దాహమేస్తోందని రోజూ ఒక గ్లాసు చేశాను (వేళ్లకి కూడా గాలి కావాలని ఏడో తరగతికి పాఠం చెప్పినది నేనే). కాడ మొదలు నల్లబడింది, మట్టి నుంచి మురుగు వాసన మొదలైంది. ఇక నాకూ గది వెతుక్కోవడమే అనుకుని, ఆ వీధిలో టులెట్ బోర్డులు చదవడం కూడా మొదలుపెట్టాను.

ఒకరోజు స్కూలు ఒంటిపూటే ఉండి మధ్యాహ్నం తొందరగా వచ్చాను. హాల్లో మాస్టారు కుండీ ముందు వంగి, చెంబుతో నీళ్లు పోస్తున్నారు. నన్ను చూసి చెంబు వెనక్కి దాచుకున్నారు. జీవితమంతా పిల్లల్ని ఎండలో నిలబెట్టిన మనిషి తనే కదలకుండా నిలబడిపోయారు. ఆ చెంబు కింద పెట్టి, పిన్నిగారు తనకే అప్పగించారనీ, నాది చిన్నతనం కనుక మర్చిపోతానన్నారనీ, నాకు చెప్పవద్దన్నారనీ మెల్లగా బయటపెట్టారు. నా సంగతి నేనూ చెప్పుకున్నాను. పండుటాకులు ఆయన కూడా లాల్చీ జేబులో పెట్టుకుని వెళ్లి పారేస్తున్నారట.

ఇద్దరం కలిసి కుండీని పెరట్లోకి మోసి, మొక్కను బయటికి తీశాం. వేళ్లు నల్లగా, మెత్తగా చేతికి వచ్చేశాయి. పురికొస మీద పాకిన కొస తీగ ఒక్కటే పచ్చగా ఉంది. కణుపు కణుపుకి కోసి, ఖాళీ సీసాల్లో నీళ్లు పోసి, ఎండ నేరుగా తగలని కిటికీ పక్కన వరసగా పెట్టాం.

పిన్నిగారు వచ్చేసరికి హాల్లో ఉత్త కర్ర, ఉత్త పురికొస. సంచీ కూడా దించకుండా ఆ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. మాస్టారు ఒక ముక్క, నేనొక ముక్క అందుకుంటూ జరిగింది చెప్పాం. ఇద్దరికీ విడివిడిగా ఎందుకు చెప్పారని అడిగే ధైర్యం మాకు లేదు. అప్పుడు గుమ్మం దగ్గర చీపురు పట్టుకున్న పనిమనిషి (మేమంతా అప్ప అనేవాళ్లం) నింపాదిగా అందుకుంది. "నానూ పోసినానమ్మా. ఆలిద్దరికీ గేపకం ఉండదు, నువ్వే సూసుకో, ఆలకి సెప్పకు అన్నారు కదా మీరు."

పిన్నిగారు సంచీ దించి, వంటింట్లోకి వెళ్లి, నలుగురికీ కాఫీ కలిపి తెచ్చారు. సగం తాగాక, "మొక్కని సంపింది నానేనన్నమాట" అని, కిటికీ పక్కకు వెళ్లి సీసాలు ఒక్కొక్కటే ఎత్తి చూశారు. రెండింటిలో తెల్లటి వేళ్లు పోసుకుంటున్నాయి. నా గది ఖాళీ కాలేదు.

నాకు ఆ రాత్రి దిగులు వేసింది మొక్క గురించి కాదు, అదే మాట ముగ్గురికి చెప్పారని. ఎందుకంటే, పిన్నిగారు బయల్దేరిన రోజునే, ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నొక్కదాన్నే నమ్మి వెళ్లారని మా అమ్మకి రెండు పేజీల ఉత్తరం రాసేశాను. ఆ తర్వాత జరిగింది ఏ ఉత్తరంలోనూ రాయలేదు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ చుట్టాల దగ్గర ఆ సంగతి చెప్పి మురిసిపోయేది. ఆమె చెబుతుంటే నేను పక్కనే తల దించుకుని కూర్చునేదాన్ని. చూసినవాళ్లు వినయమనుకునేవారు.